గద్ద కింద పడి దొరికితే: వైద్యుడి దగ్గరికి చేరేలోపు

ఎగరలేక నేల మీద కూర్చున్న గద్దను చూడగానే ఎవరికైనా రెండే తోస్తాయి. నోట్లో ఇన్ని నీళ్లు పోయాలని, ఏదైనా తినిపించాలని. దెబ్బ తగిలినా బతకాల్సిన పక్షులు ఈ రెండు పనుల వల్లే పోతుంటాయి. ఆ సమయంలో దానికి కావలసింది గాలి ఆడే ఒక అట్టపెట్టె, చీకటి, చప్పుడు లేని చోటు, మీ చేతిలోని ఫోను. మిగతాది వైద్యుడి పని.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. అడవి పక్షులకు అన్ని వసతులతో వైద్యం దొరికే చోట్లు మనకు దూరం. కడప నుంచి తిరుపతి సుమారు 140 కిలోమీటర్లు. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు 200 పైమాటే. సాయంత్రం దొరికిన పక్షి సరైన చేతుల్లోకి వెళ్లేసరికి తెల్లవారిపోవచ్చు. ఈ మధ్య గంటల్లో మనం ఏం చేశామన్నదే దాని బతుకును చాలావరకు తేలుస్తుంది.

గద్ద అని ఇక్కడ రాస్తున్నది వేటాడే పక్షులన్నిటికీ వర్తిస్తుంది. ఊళ్ల మీద తిరిగే నల్లగద్ద, తెల్ల తల, ఎర్రమట్టి రంగు రెక్కలుండే గరుడ పక్షి, వేప చెట్లలో కాపురముండే డేగ, చేల మీద గాలిలో ఒకేచోట నిలబడి రెక్కలాడించే అడవి రామదాసు, చలికాలంలో రోళ్లపాడు లాంటి గడ్డి మైదానాలకు వచ్చిపోయే పిల్లి గద్దలు, ఆపైన అన్ని రకాల గూబలు. పట్టుకునే తీరు అన్నిటికీ ఒకటే. పెట్టె కొలతలు మాత్రం మారతాయి.

దగ్గరికి పోకముందు

ఇరవై అడుగుల దూరంలో ఆగి ఐదు నిమిషాలు చూడండి. ఫోనులో జూమ్ చేసి రెండు ఫోటోలు తీసుకోండి. అటవీ శాఖ వాళ్లు మొదట అడిగేది అవే. ఒక రెక్క రెండోదాని కంటే కిందికి వేలాడుతోందా, నెత్తురు కనిపిస్తోందా, తల ఒక పక్కకు వాలిపోయిందా, కళ్లు మూసుకుని మనిషి అలికిడికి కూడా తెరవడం లేదా, ఒంటి మీద ఈగలో చీమలో ముసురుతున్నాయా అని గమనించండి. వీటిలో ఏ ఒక్కటున్నా అది దెబ్బ తిన్న పక్షే.

ఇవేవీ లేకుండా కళ్లు పెద్దవి చేసి మిమ్మల్నే చూస్తూ, తోక పొట్టిగా, తల మీద నూగు ఇంకా మిగిలి ఉంటే అది పిల్ల. మన దగ్గర నల్లగద్దలు జనవరి నుంచి ఏప్రిల్ లోపల, డేగలు మార్చి నుంచి జూన్ లోపల పిల్లల్ని పెంచుతాయి. గూడు వదిలిన పిల్ల సరిగ్గా ఎగరడం రాకముందు కొన్నాళ్లు కొమ్మల మీద, గోడల మీద గడుపుతుంది. తల్లిదండ్రులు వచ్చి మేత పెట్టి పోతుంటాయి. దాన్ని ఇంటికి తీసుకుపోతే కాపాడినట్టు కాదు, అమ్మ దగ్గర నుంచి లాక్కున్నట్టు. కుక్కలు తిరిగే చోటైతే పక్కనే ఉన్న చెట్టు కొమ్మ మీదికి ఎక్కించి తప్పుకోండి. మరీ చిన్నదై, గూడు ఊడి పడిపోయి ఉంటే ఒక వెదురు గంప తీసుకుని, అడుగున నీళ్లు పోయే సందులున్నాయో లేదో చూసి, ఎండు పుల్లలు పరిచి, అదే చెట్టుకు పది అడుగులకు తగ్గకుండా నీడలో కట్టి అందులో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు. దూరం నుంచి మూడు నాలుగు గంటలు చూడండి, పెద్ద పక్షి వస్తే మీ పని అయిపోయినట్టే. చెట్టెక్కేవాళ్లు తలకు హెల్మెట్ పెట్టుకోవాలి. పిల్లలున్న గద్ద నెత్తి మీదికే దూకుతుంది.

ఒకే చోట నాలుగైదు కాకులో కోళ్లో గద్దలో చచ్చి పడి ఉంటే అసలు ముట్టుకోవద్దు. బర్డ్ ఫ్లూ కావచ్చు, విషం కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ ఎంత నష్టం చేసిందో తెలిసిందే. అలాంటిది చూస్తే నేరుగా పశుసంవర్ధక శాఖకు చెప్పండి.

పట్టుకోవడం

భయపడాల్సింది ముక్కుకు కాదు, కాళ్లకు. గద్ద కాలు మడిచినప్పుడు లోపలి నరం బిగిసి గోళ్లు వాటంతటవే మూసుకుంటాయి. బిగించిన పట్టు కండరానికి శ్రమ లేకుండా అలాగే నిలబడుతుంది. చెయ్యి చిక్కితే లాక్కోకండి. లాగేకొద్దీ అది మరింత బిగిస్తుంది, గోరు లోపల చీలుస్తుంది. పక్షి కాలును తిన్నగా చాపండి, పట్టు వదులవుతుంది. అప్పుడు వెనక వేలి గోరును ముందు విప్పి, తర్వాత మిగతావి తియ్యండి. ఈ పని రెండో మనిషి చేస్తేనే సాగుతుంది కాబట్టి ఒక్కరే పట్టుకోవడానికి దిగవద్దు.

తోలు గ్లౌజులుంటే మంచిది. లేకపోతే పాత దుప్పటో మందపాటి పంచెనో నాలుగు మడతలు వేసి వాడండి. పోగులు లేచిన టర్కీ టవలు, గోతం పట్ట వద్దు. గోళ్లు పోగుల్లో ఇరుక్కుని, విడిపించేటప్పుడు వేళ్లు విరుగుతాయి. వలతో పట్టాలని చూడవద్దు, ఈకలు విరుగుతాయి. విరిగిన పెద్ద ఈక మళ్లీ రావాలంటే ఈకలు రాల్చే కాలం దాకా ఆగాలి. అది చాలాసార్లు ఏడాది దాకా పట్టే పని.

వెనక నుంచి, తొందర లేకుండా, నిలబడి కాకుండా వంగి నడవండి. తలతో సహా ఒళ్లంతా కప్పేలా గుడ్డ ఒక్కసారి వెయ్యండి. కళ్లకు చీకటి కమ్మగానే చాలావరకు అది నెమ్మదిస్తుంది. గుడ్డ మీదుగా రెండు చేతులతో రెక్కల్ని ఒంటికి ఆనించి, చేతుల్ని కిందికి జార్చి రెండు కాళ్లూ పాదాలకు కాస్త పైన పట్టుకోండి. రెండు కాళ్ల మధ్య ఒక వేలు ఉండాలి, ఎముక మీద ఎముక రాసుకోకూడదు. వెల్లకిలా పడుకుని కాళ్లు పైకి చాచే పక్షి అయితే ముందు గుడ్డ అంచును దాని గోళ్లకే అందించండి. దాన్ని పట్టుకుని ఉండగా మిగతా గుడ్డ కప్పొచ్చు.

రొమ్మును గట్టిగా పట్టుకోకూడదు. పక్షులకు మనకున్నట్టు ఊపిరి ఆడించే ఉదరవితానం లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే గాలి లోపలికి పోతుంది. పారిపోతుందేమోనని రొమ్ము చుట్టూ బిగించి పట్టుకుంటే, చేతిలోనే ఊపిరాడక చనిపోతుంది. చూసేవాళ్లు భయంతో గుండె ఆగిందనుకుంటారు.

కంప చెట్లలో, సర్కారు తుమ్మలో దూరిన పక్షిని అటూ ఇటూ తరమకండి. పెట్టె వచ్చేలోపు కుక్కల నుంచి కాపాడాలంటే కోళ్ల గంప బోర్లించి మీద దుప్పటి కప్పండి. ఆ పది నిమిషాలకే గంప పనికొస్తుంది. అందులోనే పెట్టి ఆటోలో తీసుకుపోతే సందుల్లోంచి ఈకలు బయటికి వచ్చి విరిగిపోతాయి. ఇనుప తీగల పంజరం అంతకంటే చెడ్డది.

పెట్టె

కిరాణా కొట్టులో అడిగితే ఇచ్చే అట్టపెట్టె చాలు. నల్లగద్దకు, గరుడ పక్షికి పొడవు 60, వెడల్పు 40, ఎత్తు 40 సెంటీమీటర్లు. డేగకు, అడవి రామదాసుకు 40, 30, 30. చిన్న గూబకు చెప్పుల పెట్టె కంటే కొంచెం పెద్దది. మరీ పెద్ద పెట్టె మేలని అనుకోవద్దు. రెక్కలు కొట్టుకోవడానికి చోటు దొరికితే విరిగిన ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. అలా బయటపడిన ఎముక ఎండిపోతే ఆ రెక్క దక్కడం కష్టం.

పక్షిని పెట్టకముందే రంధ్రాలు చెయ్యాలి. పక్కలకు, కింది సగంలో, వేలు దూరేంత రంధ్రాలు పదిహేను ఇరవై ఉండాలి. లోపలి నుంచి బయటికి పొడిస్తే పదును అంచులు బయటివైపు ఉంటాయి. అడుగున ఉత్త పేపరు వేస్తే కాళ్లు జారుతాయి. పేపరు మీద పాత నూలు చీర మడతపెట్టి వెయ్యండి, పోగులు వేలాడకూడదు. నీళ్ల గిన్నె లోపల పెట్టవద్దు. బండి కుదుపుకు ఒలికి ఒళ్లు తడుస్తుంది. మూత టేపుతో మూసి, మీద తేదీ, సమయం, దొరికిన చోటు రాయండి. ఊరి పేరు చాలదు, ఫోనులో లొకేషన్ పిన్ తీసి పెట్టుకోండి. కోలుకున్నాక వదలాల్సింది అక్కడే.

పెట్టె ఇంట్లో అందరూ తిరగని గదిలో ఉండాలి. టీవీ వద్దు, పిల్లలు వచ్చి మూత తీసి చూడటం వద్దు. పది నిమిషాలకోసారి తొంగి చూస్తే, చూసిన ప్రతిసారీ దానికి పెద్ద మృగం మీదికి వంగినట్టే. ఫోటోలు, సెల్ఫీలు, ఊళ్లో వాట్సాప్ గ్రూపుల కోసం వీడియోలు ఏవీ ఆ పక్షికి మంచి చేయవు. గరుడ పక్షి దొరికితే పసుపు కుంకుమ చల్లి, విభూతి పెట్టి, పాలు పోసే వాళ్లున్నారు. భక్తిని తప్పు పట్టను. కానీ ఆ పొడి ముక్కు రంధ్రాల్లోకి, కళ్లలోకి పోతుంది, పాలు దానికి అరగవు. మొక్కుకోవాలంటే పెట్టె బయట నుంచి మొక్కుకోండి.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీరసించిన పక్షికి వెచ్చదనం కావాలి. గోరువెచ్చని నీళ్ల బాటిల్‌కు గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టండి, ఇష్టమైతే దగ్గరికి జరుగుతుంది, లేకపోతే దూరంగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన సమస్య దీనికి తలకిందులు. రేకుల షెడ్డులో, మిద్దె మీది గదిలో, ఎండలో ఆగిన కారులో పెట్టె ఉంచితే పక్షి ఉడికిపోతుంది. ఇంటి లోపల నేల మీద, గాలి తగిలే చోట ఉంచండి.

నీళ్లు, మేత ఎందుకు వద్దు

గద్ద నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లోనే చిన్న చీలిక కనిపిస్తుంది. అదే ఊపిరి గొట్టం నోరు. మనకున్నట్టు దానికి మూత లేదు. సిరంజితోనో దూదితోనో నోట్లో నీళ్లు పిండితే అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తలకు దెబ్బ తగిలి, మింగే శక్తి లేని పక్షికి ఒక చెంచా నీళ్లే చాలు చావడానికి. ప్రయాణం మరుసటి రోజుకు పడితే, పక్షి తన కాళ్ల మీద నిలబడి ఉంటే, రెండు సెంటీమీటర్ల లోతు మట్టి మూకుడులో నీళ్లు పెట్టి గంట తర్వాత తీసెయ్యండి. తాగితే అదే తాగుతుంది.

మేత సంగతి ఇంకో రకం. రెండు మూడు రోజులు తిండి లేక పడిపోయిన పక్షికి రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగులుతుంది, రెట్ట ఆకుపచ్చగా ఉంటుంది. దాని ఒంట్లో నీళ్లు ఇంకిపోయి ఉంటాయి, పేగులు కదలవు. అప్పుడు కోడిమాంసం పెడితే ఆబగా మింగొచ్చు. ఆ మాంసం అరగక కంఠం కింది సంచిలోనే కుళ్లి విషమవుతుంది. ముందు ఒంట్లోకి నీళ్లు, తర్వాత పల్చని ఆహారం, ఆ తర్వాతే మాంసం. ఈ వరస వైద్యుడు చూసుకోవాలి. అన్నం, రొట్టె, పెరుగన్నం, మసాలా కలిసిన ముక్కలు ఏ దశలోనూ పనికిరావు. ఒక్క రోజు తినకపోతే దెబ్బ తిన్న గద్దకు ప్రమాదం లేదు. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండటమే మేలు.

నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో మూడు నుంచి ఐదు నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. 700 గ్రాముల గద్ద ఒంట్లో ఉండే నెత్తురంతా కలిపి 50 నుంచి 70 మిల్లీలీటర్లే కాబట్టి కొంచెమేగా అని వదలకూడదు. గాయంలో మట్టి ఉంటే మందుల షాపులో దొరికే సెలైన్‌తో కడగొచ్చు. విరిగిన ఎముక కనిపిస్తుంటే మాత్రం కడగవద్దు. భుజం దగ్గరి రెక్క ఎముక లోపల బోలుగా ఉండి గాలిసంచులతో కలిసి ఉంటుంది. అక్కడ పోసిన నీళ్లు ఊపిరి దారిలోకి చేరతాయి. సెలైన్‌లో తడిపిన గుడ్డ దాని మీద కప్పి వదిలేయండి.

ఆముదం, వేపనూనె, జిడ్డు ఆయింట్‌మెంటు, కాఫీ పొడి, సున్నం ఏదీ పూయవద్దు. నూనె తగిలిన ఈకలు నీటిని ఆపవు, వెచ్చదనం నిలపవు. గొడ్ల పుండ్లలో పురుగులు పడితే టర్పెంటైన్ పోయడం, కర్పూరం కుక్కడం మనకు అలవాటు. గద్దకు అది ప్రాణాంతకం. బొంబాయి రవ్వలా అంటుకున్న ఈగ గుడ్లను, పురుగులను చిమ్టాతో ఒక్కొక్కటిగా ఏరెయ్యాలి. ఈకల్లోంచి బల్లపరుపుగా ఉండే ఈగలు బయటికి పాకితే కంగారు పడకండి, అవి గద్దల మీద బతికేవి, మనుషుల మీద ఉండవు.

మనుషుల నొప్పి మాత్రలు ముక్క కూడా వద్దు. పశువుల్లో డైక్లోఫెనాక్ వాడిన కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోవడం వల్లే ప్రభుత్వం 2006లో ఆ మందును పశువైద్యంలో ఆపింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లనూ ఆపింది. రాబందులకు కూడా భద్రమని తేలిన నొప్పి మందు మెలాక్సికామ్. దాని మోతాదు బరువు చూసి వైద్యుడే ఇవ్వాలి.

ఎవరికి చెప్పాలి

మొదటి ఫోను అటవీ శాఖకు. మీ ప్రాంతపు బీట్ ఆఫీసర్ లేదా రేంజ్ ఆఫీసర్ నంబరు ఇప్పుడే సేవ్ చేసుకుని పెట్టుకోండి, పక్షి దొరికాక వెతుక్కుంటే గంట పోతుంది. వాళ్లు దొరకకపోతే అత్యవసర నంబరు 112. పల్లెల్లో రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి చెప్పొచ్చు, పశువుల అంబులెన్సు నంబరు 1962. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, కడప వైపు వాళ్లకు అది దగ్గర.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అడవి పక్షి ప్రభుత్వ ఆస్తి. 39వ సెక్షన్ కింద అది మీ చేతికి వచ్చిన 48 గంటల్లో పోలీస్ స్టేషన్‌కో అధికారం ఉన్న అధికారికో తెలియజేయాలి. బాగు చేసి పెంచుకుందామనుకోవడం, దయతోనైనా, నేరమే. వేరే రాష్ట్రానికి తీసుకుపోవాలంటే అటవీ శాఖ అనుమతి కాగితం చేతిలో ఉండాలి. బెంగళూరు దగ్గర కదా అని అనంతపురం నుంచి సొంతంగా బయల్దేరకండి, ముందు ఫోను చేయండి. గుడ్లగూబ దొరికితే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. క్షుద్రపూజల పేరుతో, ముఖ్యంగా దీపావళి అమావాస్య ముందు, గూబల్ని కొనేవాళ్లున్నారు. దొరికిన సంగతి ఊరంతా చాటవద్దు.

వేసవిలో ప్రయాణం పొద్దున పదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత పెట్టుకోండి. బైక్ మీదైతే వెనక కూర్చున్న మనిషి ఒళ్లో పెట్టె పెట్టుకోవాలి. క్యారియర్‌కు తాడుతో కట్టవద్దు.

దెబ్బను బట్టి

సంక్రాంతి ముందు వెనక పదిహేను రోజులు మాంజా దారం కాలం. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయినా దొరుకుతూనే ఉంది, చెట్లకు చుట్టుకున్న దారం ఏడాది పొడవునా పక్షుల్ని పట్టుకుంటూనే ఉంటుంది. గద్ద రెక్క ముందు అంచున భుజం నుంచి మణికట్టు దాకా తోలులాంటి పల్చని పొర ఉంటుంది. మాంజా కోసేది ఎక్కువగా దాన్నే. దారం చర్మంలో దిగి ఉంటే లాగొద్దు, లాగితే రంపంలా నరాల్ని కోస్తుంది. రెండు వైపులా జానెడు వదిలి కత్తిరించండి, లోపలిది వైద్యుడు తీస్తాడు. ముళ్లకంచెలో చిక్కిన గూబకూ ఇదే పద్ధతి. కటింగ్ ప్లేయరుతో కంచె తీగనే రెండు పక్కల కత్తిరించి, తీగ ముక్కతో సహా పెట్టెలో పెట్టాలి. దానిమ్మ, ద్రాక్ష తోటల వలల్లో చిక్కితే వల కళ్లను ఒక్కొక్కటిగా కత్తిరించండి. రైతుకు నాలుగు అడుగుల వల నష్టం, అంతే.

చెట్టు మీద ఎత్తున దారానికి వేలాడుతుంటే అగ్నిమాపక కేంద్రానికి చెప్పండి. కరెంటు తీగల దగ్గరైతే వెదురు గడతో సాహసం చేయవద్దు. పచ్చి వెదురులో కరెంటు పారుతుంది. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి, లైన్‌మన్ సప్లై ఆపానని చెప్పాకే ఎవరైనా ముందుకు పోవాలి.

కరెంటు షాకు కొట్టిన గద్ద విషయంలో జనం ఎక్కువగా పొరబడతారు. 11 కేవీ స్తంభం కింద దొరుకుతుంది, ఈక కాలిన వాసన ఉంటుంది, పాదంలో చిన్న నల్ల మచ్చ తప్ప ఏమీ కనిపించదు. గంటకు లేచి నిలబడుతుంది. బాగుందని వదిలేస్తారు. అసలు నష్టం లోపలి నెత్తుటి నాళాల్లో జరిగి ఉంటుంది. మూడో రోజు నుంచి రెండో వారం లోపల రెక్క కొస నల్లబడి, ఎండి, ఊడిపోతుంది. కాబట్టి షాకు తగిలిందన్న అనుమానం ఉంటే రెండు వారాలు చూడకుండా వదలకూడదు. రామగిరి వైపు గాలిమరల రెక్కలు తగిలి పడిన పక్షులు మాత్రం చాలావరకు అక్కడికక్కడే పోతాయి. బతికి దొరికితే లోపలి దెబ్బలుంటాయి, ఎంత తక్కువ కదిపితే అంత మంచిది.

మే నెలలో నోరు తెరిచి ఆయాసపడుతూ రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుని కూర్చున్న పక్షికి ఎండదెబ్బ. పక్షి ఒంటి వేడి మామూలుగానే 40 నుంచి 42 డిగ్రీలు ఉంటుంది, అంతకు మించి తట్టుకునే చోటు దానికి తక్కువ. నీడకు చేర్చి, పాదాలను, రెక్కల కింది భాగాన్ని మామూలు నీళ్లతో తడపండి. ఫ్రిజ్ నీళ్లు పోస్తే, బకెట్‌లో ముంచితే మరో షాకు. ఆయాసం తగ్గగానే తడపడం ఆపేసి పెట్టెలో పెట్టండి. ఒకటి రెండు గంటల్లో చురుగ్గా తయారై, ఒంటి మీద ఏ దెబ్బా లేకపోతే, ఇలాంటి పక్షిని చల్లబడ్డాక సాయంత్రం అక్కడే వదిలే అవకాశం ఉంది.

విషం గుర్తించడం నేర్చుకోవాలి, ఎందుకంటే చెనిక్కాయ చేలల్లో ఎలుకల మందు వాడకం ఎక్కువ. వేళ్లు పిడికిలిలా ముడుచుకుపోయి, నోట్లోంచి చొంగ కారుతూ, ఒళ్లు వణుకుతుంటే పురుగుమందు. దీనికి అట్రోపిన్ విరుగుడు, వెంటనే పడితే లేచి కూర్చోవచ్చు. కాబట్టి ఇక్కడ గంట ఆలస్యం కూడా ఆలస్యమే. బ్రొమడియోలోన్ లాంటి ఎలుకల మందు పెట్టిన ఎలుకను తిన్న గూబకు రోజుల తర్వాత నెత్తురు గడ్డకట్టడం మానేస్తుంది. చిన్న గీరు నుంచి కూడా ఆగకుండా కారుతుంది. దానికి విటమిన్ కె1 వారాల తరబడి ఇవ్వాలి. పక్షి కక్కినది ఏదైనా ఉంటే గ్లౌజు వేసుకుని కవరులో తీసుకుపోండి. మీరు మాత్రం కక్కించే ప్రయత్నం చేయవద్దు.

రాత్రి 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు తగిలి పడే గూబలకు ఎక్కువగా కళ్లు, తల దెబ్బతింటాయి. రెండు కంటిపాపలు ఒకే సైజులో లేకపోవడం, ఒక కంట్లో నెత్తురు, తల పక్కకు తిప్పి ఉంచడం దీని గుర్తులు. తెల్లారేసరికి తేరుకున్నట్టు కనిపించినా కంటి వెనక పొర ఊడి ఉండొచ్చు. పరీక్ష లేకుండా వదలవద్దు. పాడుబడ్డ బావిలో పడిన గూబకు తాళ్లు కట్టిన గంప దించి పక్కన నిలపండి. తనే ఎక్కి కూర్చుంటుంది, ఓపిక పడితే మనిషి దిగాల్సిన పని ఉండదు.

పశువుల ఆసుపత్రిలో

మన పశువైద్యులు రోజూ చూసేది గొర్రెల్ని, బర్రెల్ని. కాబట్టి పక్షి తీసుకుపోయేవాళ్లకు కొన్ని విషయాలు తెలిసి ఉంటే ఇద్దరికీ పని సులువు. ముందు బరువు తూచాలి, వంటింటి త్రాసు చాలు. తొలి వైద్యం ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్‌ను 38 డిగ్రీల దాకా వెచ్చ చేసి తొడ దగ్గరి చర్మం కింద ఎక్కించడం. రోజుకు మామూలు అవసరం కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు, ఎండిపోయిన పక్షికి అంతకంటే ఎక్కువ. ప్రొకైన్ కలిసిన పెన్సిలిన్ చిన్న పక్షులకు విషం.

ఎక్స్‌రే రెండు కోణాల్లో కావాలి, ఒకటి వెల్లకిలా రెక్కలు చాచి, ఒకటి పక్క నుంచి. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలుంటాయి. లావుది విరిగి సన్నది బాగుంటే సన్నదే దానికి బద్దలా పనిచేస్తుంది, మూడు వారాల విశ్రాంతితో అతుక్కుంటుంది. భుజం ఎముక విరిగితే కడ్డీ వేసే ఆపరేషన్ కావాలి. కీలుకు ఆనుకుని విరిగితే మళ్లీ ఎగిరే ఆశ తక్కువ.

ఇంటి దగ్గర కట్టే కట్లతో వచ్చే చిక్కు ఇదే. రెక్కను మడిచి ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి ఇరవై రోజులు అలాగే ఉంచేస్తారు. ఎముక అతుక్కుంటుంది, కానీ ముందు అంచు పొర ముడుచుకుపోయి రెక్క పూర్తిగా చాచదు. కట్టు కొన్ని రోజులకోసారి విప్పి, మత్తులో రెక్కను నెమ్మదిగా చాచి మళ్లీ కట్టాలి. జిగురు ప్లాస్టర్ వాడితే తీసేటప్పుడు ఈకలూ వస్తాయి. కాగితపు టేపో, తనకు తానే అతుక్కునే బ్యాండేజో వాడమని అడగండి.

వదలడం

అప్పగించడానికి ఎంత తొందర పడాలో వదలడానికి అంత ఆగాలి. పెట్టెలో నిలబడటం ఎగరడం కాదు. వేటాడే పక్షి వంద గజాలు ఎగిరితే చాలదు, మలుపులు తిరగాలి, గాలికి ఎదురు ఎక్కాలి, ఆయాసం లేకుండా కొమ్మ మీద వాలాలి. రెండు పాదాలూ గట్టిగా పట్టాలి. గూబ ఎగిరితే చప్పుడు రాకూడదు, ఈక అంచులు చెడితే వస్తుంది, అది విన్న ఎలుక దొరకదు. బాగయ్యే రోజుల్లో బోన్‌లెస్ కోడిమాంసం మాత్రమే పెడితే క్యాల్షియం అందదు, పక్షి పిల్లలకైతే ఎముకలు వంకర పోతాయి. ఎముకలతో, బొచ్చుతో సహా తినేలా ఎలుకలో కోడిపిల్లలో పెట్టాలి.

గద్దల్ని, డేగల్ని పొద్దున ఎండ కాస్త ఎక్కాక, గూబల్ని చీకటి పడే వేళ, దొరికిన చోటే వదలాలి. ఆ చోటే ప్రమాదమైతే అక్కడి నుంచి కిలోమీటరు లోపల. పెద్దవాళ్లను పిలిచి, చేతుల్లోకి తీసుకుని గాల్లోకి విసరడం ఫోటోకు బాగుంటుంది, పక్షికి కాదు. పెట్టె గోడ మీద పెట్టి, మూత తీసి, వెనక్కి వెళ్లండి. అరగంట బయటికి రాకపోయినా తట్టవద్దు. పిల్లి గద్దలు వలస పక్షులు, మార్చి దాటితే తోటివన్నీ ఉత్తరానికి వెళ్లిపోయి ఉంటాయి. అప్పటికి సిద్ధం కాకపోతే మళ్లీ అక్టోబరు దాకా ఉంచాల్సిందే. వదిలిన మరుసటి రోజు పొద్దున అటవీ సిబ్బందితో ఆ చుట్టుపక్కల పొదల కింద ఒకసారి వెతకండి. కాకుల గుంపు ఒకేచోట కిందికి దూకుతూ అరుస్తుంటే ముందు అక్కడే చూడండి. నేల మీద కూర్చుని దొరికితే మళ్లీ పెట్టెలోకి, మళ్లీ వైద్యుడి దగ్గరికి.